స్పెయిన్ ప్లేయర్ అంటే మట్టి కోర్టు, టాప్‌స్పిన్, పరుగులు... అంతేనా?

2008 నవంబర్‌లో దేశాల జట్ల మధ్య జరిగే డేవిస్ కప్ ఫైనల్ అర్జెంటీనాలోని మార్ డెల్ ప్లాటాలో జరిగింది. ఏ కోర్టు మీద ఆడాలో ఎంచుకునే ఛాన్స్ సొంతగడ్డ టీమ్‌దే కాబట్టి అర్జెంటీనా వాళ్లు ఇండోర్ హార్డ్ కోర్టు వేయించుకున్నారు. నిజానికి వాళ్లు కూడా మట్టి మీద పెరిగినవాళ్లే, కానీ స్పెయిన్ వాళ్లని మట్టి మీంచి దించేస్తే సగం పని అయిపోయినట్టే అని వాళ్ల లెక్క. పైగా మోకాలి నొప్పితో నాదల్ రాలేదు, నల్బాండియన్ ఇండోర్‌లో మొనగాడు, ఇరవై ఏళ్ల డెల్ పొట్రో మంచి ఊపు మీదున్నాడు, స్టేడియం నిండా సొంత జనం, ఇంకేం కావాలి. మొదటి మ్యాచ్‌లో ఫెరర్ నల్బాండియన్ చేతిలో ఓడిపోయేసరికి లెక్క కరెక్టే అనిపించింది. తర్వాత ఫెలిసియానో లోపెజ్ దిగాడు. ఎడమచేత్తో వంకర తిరిగే సర్వ్, స్లైస్ బ్యాక్‌హ్యాండ్, వీలు దొరికితే నెట్ దగ్గరికి పరుగు, ఇలా ఆడి డెల్ పొట్రోని ఓడించేశాడు. డబుల్స్ లోపెజ్, వెర్డాస్కో కలిసి గెలిచారు, ఆఖర్లో వెర్డాస్కో ఐదు సెట్లు ఆడి అకసూసోని ఓడించాడు. 3-1తో కప్పు స్పెయిన్‌కి పోయింది. అర్జెంటీనా వాళ్లు ప్లాన్ వేసింది ఎదురుగా ఉన్న ప్లేయర్ల కోసం కాదు, స్పెయిన్ అనే పేరు మీద ఉన్న ముద్ర కోసం.

ఆ ముద్ర ఏంటో టెన్నిస్ కాస్త చూసే ఎవరినడిగినా చెప్పేస్తారు. స్పెయిన్ ప్లేయర్ అంటే బేస్‌లైన్‌కి రెండు మూడు మీటర్లు వెనక నిలబడతాడు, ప్రతి బంతికీ టాప్‌స్పిన్ (బంతి ముందుకి గిర్రున తిరిగేలా కొట్టడం) దట్టించి ఎదుటివాడి భుజం పైకి లేపుతాడు, పొద్దు గూకేదాకా పరిగెడతాడు, సర్వ్ పాయింట్ మొదలెట్టడానికి మాత్రమే, నెట్ దగ్గరికి వెళ్లాడంటే మ్యాచ్ అయిపోయి చెయ్యి కలపడానికే. మట్టి మీద పులి, పచ్చిక మీద పిల్లి. మన స్పోర్ట్స్ పేజీల్లో కూడా 'మట్టికోర్టు రారాజు' లాంటి మాట లేకుండా నాదల్ వార్త వచ్చిన రోజులు తక్కువే.

ఇదంతా ఉత్త కల్పన అని కొట్టిపారేయడానికి లేదు. 2025 చివరి దాకా చూస్తే స్పెయిన్ మగవాళ్లు ఫ్రెంచ్ ఓపెన్ సింగిల్స్ 24 సార్లు గెలిచారు, మిగతా మూడు గ్రాండ్‌స్లామ్‌లూ కలిపి 15. అందులో 1975లో ఒరాంటెస్ గెలిచిన యూఎస్ ఓపెన్ కూడా మట్టి మీదే జరిగింది, ఆ మూడేళ్లు ఫారెస్ట్ హిల్స్‌లో పచ్చిక తీసేసి పచ్చటి మట్టి వేశారు కాబట్టి దాన్ని కూడా మట్టి ఖాతాలోనే వేసుకోవాలి. ఇంకో లెక్క ఉంది, ముద్ర ఎందుకంత గట్టిగా పడిందో అసలు అది చెప్తుంది. 1966లో మనోలో సంటానా వింబుల్డన్ గెలిచాక 2008లో నాదల్ గెలిచేదాకా, అంటే 42 ఏళ్ల పాటు, మట్టి కాని కోర్టు మీద ఒక్క స్పెయిన్ మగవాడు కూడా గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ గెలవలేదు. టీవీలో టెన్నిస్ ప్రపంచమంతా పాకింది సరిగ్గా ఈ 42 ఏళ్లలోనే, కామెంటేటర్ల మాటలు జనం నోళ్లలోకి ఎక్కింది కూడా అప్పుడే, ఇంకేముంది, ఆ కాలంలో కనబడిందే స్పెయిన్ స్వభావం అని ఫిక్సయిపోయారు.

మట్టి ఏం చేస్తుందో ముందు చూద్దాం. ఎర్రమట్టి మీద బంతి పడగానే స్పీడ్ తగ్గి పైకి లేస్తుంది. హార్డ్ కోర్టులో విన్నర్ అయ్యే ఫ్లాట్ షాట్ ఇక్కడ మళ్లీ తిరిగొస్తుంది, ఏస్ అవ్వాల్సిన సర్వ్ కూడా తిరిగొస్తుంది. పన్నెండేళ్ల పిల్లాడు రోజూ ఇలాంటి కోర్టు మీద ఆడితే వాడికి అర్థమయ్యేది ఏంటంటే ఒక్క దెబ్బతో పాయింట్ రాదు, నాలుగైదు షాట్లు పేర్చుకుంటూ ఎదుటివాడిని ఒక మూలకి లాగి ఖాళీ చేసిన చోట కొట్టాలి అని. టాప్‌స్పిన్ ఉన్న బంతి నెట్ మీంచి ఎత్తుగా పోయి కూడా లోపలే పడుతుంది, పడ్డాక ఇంకా పైకి లేస్తుంది, అందుకే వాడు స్పిన్ నేర్చుకుంటాడు. ఎత్తుగా లేచే బంతిని కొట్టాలంటే గ్రిప్ చెయ్యి వెనక్కి తిప్పి పట్టుకోవాలి, అదీ అలవాటవుతుంది. సర్వ్ మీద ఎంత కష్టపడినా పెద్దగా గిట్టుబాటు ఉండదు కాబట్టి ఆ ప్రాక్టీస్ వెనకబడిపోతుంది. అంటే స్పెయిన్ వాళ్ల సర్వ్ వీక్ అనే మాటలో చాన్నాళ్లు నిజం ఉంది, కాకపోతే దానికి కారణం భుజంలో కాదు కింద నేలలో ఉంది. ఇదే పిల్లాడు పచ్చిక మీదో ఇండోర్ కార్పెట్ మీదో పెరిగుంటే వేరే ప్లేయర్ అయ్యేవాడు.

నేల ఒక్కటే అయితే ఇటలీలో, ఫ్రాన్స్‌లో, దక్షిణ అమెరికాలో కూడా మట్టి ఉంది కదా, అక్కడ ఇంత పెద్ద గుంపు ఎందుకు రాలేదు అని అడగొచ్చు. అక్కడే బార్సిలోనా కోచ్‌ల సంగతి వస్తుంది. కొలంబియా నుంచి వచ్చి అక్కడ స్థిరపడ్డ పాటో ఆల్వరెజ్, సెర్జీ బ్రుగేరా వాళ్ల నాన్న లూయిస్ బ్రుగేరా లాంటివాళ్లు ప్రాక్టీస్‌ని ఒక పద్ధతిలో పెట్టారు. కోచ్ బుట్టలోంచి బంతులు తీసి చేత్తో విసురుతుంటే ప్లేయర్ ముందుకి, వెనక్కి, పక్కలకి అడుగులేస్తూ కొడుతూ ఉండాలి. బంతి ఎంత గట్టిగా పోయింది అనేది తర్వాత, కొట్టే టైమ్‌కి కాళ్లు ఎక్కడున్నాయి, బాడీ బ్యాలెన్స్‌లో ఉందా, కొట్టాక మళ్లీ ఎంత త్వరగా సెట్ అయ్యాడు అనేది ముందు. వందల బంతులు ఇదే తంతు. చూసేవాళ్లకి బోర్, ఆడేవాళ్లకి నరకం, కానీ అడుగుల్లో తేడా ఏళ్ల తర్వాత కనిపిస్తుంది. దీనికి తోడు స్పెయిన్‌లో ఊరూరా చిన్న స్థాయి ప్రొఫెషనల్ టోర్నీలు బోలెడు జరిగేవి, పదిహేడు పద్దెనిమిదేళ్ల కుర్రాడు విమానం టికెట్లకి డబ్బు తగలెయ్యకుండా ట్రైన్‌లో వెళ్లి ర్యాంకింగ్ పాయింట్లు తెచ్చుకోవచ్చు, అవన్నీ కూడా ఎక్కువగా మట్టి మీదే.

అలా 1990ల్లో ఒక దండు తయారై వచ్చింది. 1994 నుంచి 2002 లోపు ఫ్రెంచ్ ఓపెన్ ఫైనల్లో ఇద్దరూ స్పెయిన్ వాళ్లే ఉండటం మూడుసార్లు జరిగింది, 1994లో బ్రుగేరా, బెరసతెగీ, 1998లో మోయా, కొరెచా, 2002లో ఆల్బర్ట్ కోస్టా, ఫెరెరో. ఇందులో బెరసతెగీ కేసు చాలా తమాషా. గ్రిప్ ఎంత తిప్పి పట్టుకునేవాడంటే రాకెట్ ఒకే వైపుతో ఫోర్‌హ్యాండూ బ్యాక్‌హ్యాండూ రెండూ కొట్టేవాడు. మట్టి కోసమే పుట్టిన గ్రిప్ ఏదైనా ఉందంటే అదే, బంతి కిందకి జారే పచ్చిక మీద దాంతో ఆడటం దాదాపు అసాధ్యం. అలాంటివాడు 1998 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో హార్డ్ కోర్టు మీద రాఫ్టర్‌నీ, ఆ వెంటనే రెండు సెట్లు వెనకబడి కూడా అగస్సీనీ ఓడించి క్వార్టర్స్ దాకా పోయాడు. ముద్ర ప్రకారం అయితే ఇది జరగకూడదు. జరిగింది కాబట్టి దీన్ని ఏదో ఒకసారి తగిలిన లక్ కింద రాసేసుకుని జనం ముందుకు వెళ్లిపోయారు.

ముద్రలు బతికేది ఇలాగే. అందరినీ ఒకే గాటన కట్టేశాక, గాట విప్పుకుని బయటికొచ్చిన ప్రతివాడినీ 'వీడు వేరు' అని పక్కన పెట్టేస్తారు. అలా పక్కన పెట్టినవాళ్లని వరసగా నిలబెట్టి చూస్తే సీన్ మారిపోతుంది. మోయా 1997లో ఆస్ట్రేలియన్ ఓపెన్ ఫైనల్ ఆడాడు, 2002లో సిన్సినాటి హార్డ్ కోర్టు మీద హెవిట్‌ని ఓడించి టైటిల్ గెలిచాడు. 1998 చివర్లో హానోవర్‌లో ఇండోర్‌లో జరిగిన సీజన్ ఫైనల్లో కొరెచా, మోయా తలపడ్డారు, రెండు సెట్లు పోయాక కొరెచా తిరగబడి గెలిచాడు. ఆ రోజుల్లో ఇండోర్ అంటే సర్వ్ గట్టిగా కొట్టేవాళ్ల అడ్డా, అక్కడ ఫైనల్లో ఇద్దరు స్పెయిన్ వాళ్లు. ఫెరెరో 2003లో ఫ్రెంచ్ ఓపెన్ గెలిచి, అదే ఏడు యూఎస్ ఓపెన్ ఫైనల్ ఆడి, తర్వాత మాడ్రిడ్‌లో అప్పట్లో ఇండోర్ హార్డ్ కోర్టు మీద జరిగే మాస్టర్స్ (గ్రాండ్‌స్లామ్‌ల తర్వాతి స్థాయి టోర్నీ) కూడా గెలిచాడు. పొట్టివాడు, పరుగులే ఆధారం అని అందరూ అనుకునే ఫెరర్‌కి దక్కిన ఒకే ఒక్క మాస్టర్స్ టైటిల్ 2012లో పారిస్ ఇండోర్‌లో. బౌటిస్టా అగుట్ అయితే బంతిని ఫ్లాట్‌గా తక్కువ ఎత్తులో కొడతాడు, 2019లో వింబుల్డన్ సెమీస్ ఆడాడు. దక్షిణాది టెన్నిస్ అభిమానులు ఇదంతా దగ్గర నుంచే చూశారు, చెన్నై ఓపెన్ హార్డ్ కోర్టు మీద 2004, 2005లో మోయా, 2017లో బౌటిస్టా అగుట్ గెలిచారు. ముద్రకి సరిగ్గా సరిపోయే మ్యాచ్ కూడా చెన్నైలోనే జరిగింది, 2008 సెమీస్‌లో మోయా మీద నాదల్ దాదాపు నాలుగు గంటలు కొట్లాడి మూడు టైబ్రేక్‌ల మ్యాచ్ గెలిచాడు. మర్నాడు ఫైనల్లో యూజ్నీ మీద ఒకే ఒక్క గేమ్ గెలిచాడు, ఒంట్లో ఏమీ మిగల్లేదు మరి.

అసలు టాప్‌స్పిన్ దండు రాకముందు స్పెయిన్ వాళ్లు ఎలా ఆడేవాళ్లు అనేది ఎవరూ గుర్తుచేసుకోరు. సంటానా మాడ్రిడ్‌లో క్లబ్బులో బాల్ బాయ్‌గా మొదలెట్టినవాడు, పేద ఇంటి పిల్లాడు. ఆయన ఆటలో అందరూ చెప్పుకునేది స్టామినా గురించి కాదు, చేతి నేర్పు గురించి, నెట్ దాటగానే పడిపోయే డ్రాప్ షాట్లు, ఎదుటివాడి తల మీంచి పోయే లాబ్‌లు, ఒకేలా చెయ్యి తిప్పి వేరే వేరే షాట్లు కొట్టడం. 'పచ్చిక ఆవుల కోసం' అన్నది కూడా ఆయనే అని చెప్పుకుంటారు, అలా అన్నాయనే 1965లో ఫారెస్ట్ హిల్స్ పచ్చిక మీద అమెరికా ఛాంపియన్‌షిప్, 1966లో వింబుల్డన్ గెలిచి కూర్చున్నాడు. ఒరాంటెస్ కూడా అంతే, ఎడమచేతి వాటం, బలం కంటే మెత్తదనం ఎక్కువ. 1975 ఫైనల్లో జిమ్మీ కానర్స్ లాంటి బాదుడుగాడిని మెల్లటి బంతులతో, లాబ్‌లతో తికమకపెట్టి మూడు సెట్లలో ఓడించాడు. మరుసటి ఏడాది హ్యూస్టన్‌లో ఇండోర్‌లో జరిగిన మాస్టర్స్ (అప్పట్లో సీజన్ చివరి టోర్నీ పేరు అది) టైటిల్ కూడా ఆయనకే. అంటే 1960, 70ల్లో ఎవరైనా 'స్పానిష్ స్టైల్' అనుంటే జనాలకి గుర్తొచ్చేది మెత్తటి చెయ్యి, ఈనాటి మోత కాదు. అదే దేశం, అదే మట్టి, ఆట మాత్రం వేరు.

1990ల బ్యాచ్ ముద్రని తామే కొంత మోశారు, అది కూడా ఒప్పుకోవాలి. వాళ్లలో చాలామందికి వింబుల్డన్ అంటే సీజన్ మధ్యలో వచ్చే తలనొప్పి. కానీ వింబుల్డన్ వైపు నుంచి కూడా తక్కువేం జరగలేదు. మిగతా టోర్నీలు ర్యాంకింగ్ చూసి సీడింగ్ (పెద్ద ప్లేయర్లు మొదటి రౌండ్లలోనే ఒకరికొకరు తగలకుండా డ్రాలో విడదీసి పెట్టడం) ఇస్తుంటే వింబుల్డన్ కమిటీ మాత్రం ఎవరు పచ్చిక మీద బాగా ఆడతారో తామే నిర్ణయించి అటూ ఇటూ మార్చేది, దాంతో ఏడాదంతా కష్టపడి ర్యాంక్ తెచ్చుకున్న మట్టి కోర్టు ప్లేయర్లు అక్కడికెళ్తే సీడింగే లేకుండా పోయేవాళ్లు. 2000లో కొరెచా, కోస్టా దీన్ని నిరసిస్తూ టోర్నీకే డుమ్మా కొట్టారు. మరుసటి ఏడాది సీడ్‌లు 16 నుంచి 32కి పెరిగాయి, ఆ తర్వాత మగవాళ్ల సీడింగ్‌కి పచ్చిక కోర్టు రిజల్ట్స్‌తో ఒక ఫార్ములా పెట్టారు, ఆ ఫార్ములా కూడా 2019 దాకా నడిచి ఆగిపోయింది. ఇక్కడ గమనించాల్సింది ఏంటంటే ఇది అభిమానుల కబుర్లలో మాత్రమే ఉన్న ముద్ర కాదు, ఒక గ్రాండ్‌స్లామ్ డ్రా తయారుచేసే పద్ధతిలోనే కూర్చుని ఉంది. సీడింగ్ లేనివాడికి మొదటి రౌండ్లోనే పెద్ద ప్లేయర్ తగులుతాడు, వాడు ఓడిపోతాడు, చూశారా వీళ్లకి పచ్చిక రాదు అంటారు.

ఆడవాళ్ల సంగతైతే ఈ చర్చల్లో దాదాపు ఎత్తనే ఎత్తరు, ఎత్తితే సగం వాదన అక్కడే కూలిపోతుంది కాబట్టేమో. మగవాళ్లకి పచ్చిక మీద ఏమీ రాని కాలంలోనే, 1994లో, కొంచిటా మార్టినెజ్ వింబుల్డన్ ఫైనల్లో నవ్రతిలోవాని ఓడించింది. నెట్ దగ్గరికి దూసుకొచ్చే నవ్రతిలోవాకి పక్కనుంచి ఒంటిచేతి బ్యాక్‌హ్యాండ్‌తో పాసింగ్ షాట్లు కొడుతూ మూడు సెట్లలో గెలిచింది. అరాంచా సాంచెజ్ వికారియోకి అయితే పరుగుల రాణి అన్న ముద్ర నిండుగా పడింది, 1989లో పదిహేడేళ్లకే స్టెఫీ గ్రాఫ్‌ని ఓడించి ఫ్రెంచ్ ఓపెన్ గెలిచింది మరి. కానీ అదే అరాంచా 1994లో యూఎస్ ఓపెన్ గెలిచింది, 1995, 96లో వరసగా రెండు వింబుల్డన్ ఫైనల్స్ ఆడింది, డబుల్స్‌లో కూడా నంబర్ వన్. నెట్ దగ్గర ఆడటం రాకుండా డబుల్స్‌లో నంబర్ వన్ ఎవరూ అవ్వరు. ఇంక ముగురుజా, వెనెజువెలాలో పుట్టి స్పెయిన్‌లో పెరిగిన అమ్మాయి, ఫ్లాట్‌గా గట్టిగా బాదేది, ఓపిక పట్టి ర్యాలీలు లాగడం ఆమె వల్ల అయ్యే పని కాదు. 2016లో పారిస్ మట్టి మీద సెరెనానీ, 2017లో వింబుల్డన్‌లో వీనస్‌నీ ఫైనల్స్‌లో ఓడించింది, మట్టి మీద కూడా బాదుడే, పచ్చిక మీద కూడా బాదుడే.

ఇప్పుడు నాదల్. ముద్రకి ముఖచిత్రం ఆయనే, 14 ఫ్రెంచ్ ఓపెన్‌లు, ఆ టోర్నీ జరిగే రోలాండ్ గారోస్‌లో 112 గెలుపులు, 4 ఓటములు, 2005 నుంచి 2007 దాకా మట్టి మీద వరసగా 81 మ్యాచ్‌లు. ఇన్ని అంకెలు ఉంటే మిగతావి కనబడవు, అది సహజం. కానీ ఆ మిగతావి కూడా 8 గ్రాండ్‌స్లామ్‌లు, అంటే అగస్సీ, లెండిల్, కానర్స్ కెరీర్ మొత్తం మీద గెలిచినన్ని. యూఎస్ ఓపెన్ ఒక్కటే నాలుగుసార్లు. తమాషా ఏంటంటే ఆయన ఆ బార్సిలోనా అకాడమీల ప్రొడక్ట్ కాదు, మయోర్కా దీవిలో సొంత ఊళ్లో బాబాయి టోనీ దగ్గరే నేర్చుకున్నాడు. మిగతా పనులు చాలావరకు కుడిచేత్తో చేసుకునే మనిషి టెన్నిస్ మాత్రం ఎడమచేత్తో ఆడేవాడు. ఆ టాప్‌స్పిన్ కూడా స్పెయిన్‌లో ఇంకెవరికీ లేదు, హైస్పీడ్ కెమెరాలతో కొలిచిన లెక్కల్లో ఆయన ఫోర్‌హ్యాండ్ సగటున నిమిషానికి సుమారు 3,200 సార్లు తిరిగేది, సాంప్రాస్, అగస్సీ కాలం వాళ్లది 1,900 లోపే. అంత ఎత్తున లేచే బంతి ఎడమచేతి వైపు నుంచి వచ్చి కుడిచేతివాడి ఒంటిచేతి బ్యాక్‌హ్యాండ్ మీద పడితే ఎలా ఉంటుందో పారిస్‌లో ఫెడరర్‌ని చూసినవాళ్లకి తెలుసు. దాన్ని డిఫెన్స్ అంటే ఎలా? వెనక నిలబడి ఎదుటివాడిని ఇంకా వెనక్కి నెట్టేసి తర్వాత ముందుకొచ్చి ముగించడం అది, దాడే, కాకపోతే మొదటి షాట్‌లో కనబడదు, నాలుగో షాట్‌లో కనబడుతుంది.

పైగా ఆయన ఒకేలా ఆడలేదు. 2010 యూఎస్ ఓపెన్‌కి సర్వ్ గ్రిప్ కాస్త మార్చి గంటకి 210 కిలోమీటర్లు దాటించి కొట్టాడు, ఆ టోర్నీ గెలిచాడు. 2016 చివర్లో మోయా కోచింగ్‌లోకి వచ్చాక సర్వ్, ఆ వెంటనే ఫోర్‌హ్యాండ్, రెండు మూడు షాట్లలో పాయింట్ ముగించేయడం మీద ఎక్కువ పనిచేశారు, ముప్పై దాటిన మోకాళ్లతో ఇంకెన్నాళ్లని పరిగెత్తగలడు. నెట్ దగ్గర చేతులు ఎలా ఉంటాయో అనుమానం ఉంటే 2016 రియో ఒలింపిక్స్ డబుల్స్ గోల్డ్ చూడొచ్చు, మార్క్ లోపెజ్‌తో కలిసి గెలిచాడు. అయినా ఆయన గురించి మాట్లాడేటప్పుడు మొదట వచ్చే మాటలు పోరాటం, స్టామినా, గుండె ధైర్యం. ఫెడరర్ అనగానే టాలెంట్, కళ. ఇవి పొగడ్తల్లాగే ఉంటాయి కానీ లోపల ఒక మెలిక ఉంది, ఒకడికి దేవుడిచ్చిన చెయ్యి, ఇంకొకడు చెమటోడ్చి తెచ్చుకున్నాడు అన్నట్టు. అంత ఎత్తు బంతిని అంత లోపల లైన్ మీద వెయ్యడం కూడా చెయ్యే, చెమట కాదు.

ఈ స్టామినా మాట ఇంకో చెడ్డ దారి కూడా పట్టింది. ఇంత పరిగెత్తాలంటే ఏదో ఉండే ఉంటుంది అనే గుసగుసలు ఫ్రాన్స్‌లో చాన్నాళ్లు నడిచాయి, 2012లో అక్కడి టీవీ తోలుబొమ్మల షోలో నాదల్ మీదా స్పెయిన్ ప్లేయర్ల మీదా డోపింగ్ జోకులు వేస్తే రెండు దేశాల మధ్య పెద్ద రచ్చే అయింది. తర్వాత ఫ్రాన్స్ మాజీ క్రీడా మంత్రి రోజ్‌లిన్ బాష్‌లో టీవీలో నేరుగానే అనేసింది, నాదల్ పరువునష్టం కేసు వేశాడు, 2017లో పారిస్ కోర్టు ఆమెని పది వేల యూరోలు కట్టమంది. సర్వ్‌తో ఏస్‌లు కొట్టేవాడి భుజం మీద ఎవరికీ అనుమానం రాదు, పరిగెత్తేవాడి కాళ్ల మీదే వస్తుంది.

ఈలోగా కోర్టులే మారిపోయాయి. 2001లో వింబుల్డన్ తన గడ్డిని పూర్తిగా రైగ్రాస్ అనే రకానికి మార్చింది, నేల గట్టిపడి బంతి ఇదివరకటి కన్నా ఎత్తుగా లేవడం మొదలైంది. మరుసటి ఏడాదే ఫైనల్లో హెవిట్, నల్బాండియన్, ఇద్దరూ బేస్‌లైన్ ప్లేయర్లే. కార్పెట్ కోర్టులు 2009 నాటికి పెద్ద టోర్నీల్లోంచి పోయాయి. రాకెట్లకి పాలిస్టర్ తీగలు వచ్చి ఎంత గట్టిగా కొట్టినా స్పిన్‌తో బంతి లోపలే పడేలా చేశాయి. దాంతో జరిగింది ఏంటంటే స్పెయిన్ వాళ్లు మారాల్సిన అవసరం తగ్గి మిగతా ప్రపంచమే స్పెయిన్ వైపు జరిగింది. ఆండీ ముర్రే పదిహేనేళ్లకి స్కాట్లాండ్ వదిలి బార్సిలోనాలో సాంచెజ్-కసాల్ అకాడమీలో చేరాడు, వింబుల్డన్ మగవాళ్ల టైటిల్ కోసం బ్రిటన్ 77 ఏళ్లు చూసిన ఎదురుచూపుని 2013లో ముగించింది ఈ మట్టి మీద తయారైన కుర్రాడే. సఫిన్ రష్యా నుంచి వాలెన్సియాకి వెళ్లి నేర్చుకున్నాడు, 2000 యూఎస్ ఓపెన్ ఫైనల్లో సాంప్రాస్‌ని చిత్తు చేసింది అతనే, అతని ఆట చూసి స్పానిష్ అని ఎవరైనా అంటారా? ఇప్పుడు సర్వ్ రిటర్న్‌కి కోర్టు చివర గోడకి ఆనుకున్నంత వెనక నిలబడే ప్లేయర్ మెద్వెదెవ్, అతనిది రష్యా. ఇవన్నీ చూస్తే స్పెయిన్ దగ్గర ఉన్నది ఒక పద్ధతి, ఫీజు కట్టి వచ్చిన ఎవరికైనా అబ్బుతుంది, ఎవరి చేతిలో పడితే వాళ్ల ఆటలా తయారవుతుంది. ఒకరకంగా ఆ గాలి మన అనంతపురం దాకా కూడా వచ్చింది, బార్సిలోనా నుంచి వచ్చి అక్కడే జీవితం గడిపిన విన్సెంట్ ఫెర్రర్ పెట్టిన ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) అనే సేవా సంస్థతో కలిసి నాదల్ ఫౌండేషన్ 2010లో అక్కడ పిల్లల కోసం టెన్నిస్ స్కూల్ పెట్టింది, కాకపోతే దాని ఉద్దేశం ఛాంపియన్లని తయారుచేయడం కన్నా చదువు, ఆట రెండూ పిల్లలకి అందేలా చూడటం.

అల్కరాస్ వచ్చాక ముద్ర వేసేవాళ్లకి కొత్త చిక్కు వచ్చి పడింది. 2025 చివరికి అతని గ్రాండ్‌స్లామ్‌లు ఆరు, పారిస్‌లో రెండు, వింబుల్డన్‌లో రెండు, యూఎస్ ఓపెన్‌లో రెండు, తూకం వేసినట్టు సమానం. ఫోర్‌హ్యాండ్ బాదబోతున్నట్టు చెయ్యి ఎత్తి చివరి క్షణంలో నెట్ అవతల చుక్కలా డ్రాప్ షాట్ వేస్తాడు, సర్వ్ కొట్టి నెట్ దగ్గరికి వచ్చేస్తాడు, కీలకమైన పాయింట్లలో కూడా. వెంటనే మొదలైన మాట ఏంటంటే 'ఇతను స్పానిష్ టైప్ కాదు, ఫెడరర్ టైప్' అని. అంటే పరుగులు పెడితే స్పెయిన్ ఖాతాలో, చేతి నేర్పు చూపిస్తే స్విట్జర్లాండ్ ఖాతాలో. ఆ డ్రాప్ షాట్ మాత్రం సిసలైన మట్టి కోర్టు సరుకు, ఎదుటివాడిని బేస్‌లైన్ వెనక్కి నెట్టాక ముందు ఖాళీ కనిపిస్తుందని చిన్నప్పుడే నేర్చుకున్నవాళ్లకి వచ్చే ఆలోచన అది, సంటానా అరవై ఏళ్ల కిందట చేసిందే. అల్కరాస్‌కి పదిహేనేళ్లప్పటి నుంచి కోచింగ్ ఇచ్చింది కూడా ఆ దండులోని ఫెరెరోనే, 'మట్టి బ్యాచ్' అని అందరూ ముద్రేసిన మనిషే.

ఇన్నీ చెప్పాక స్పెయిన్ వాళ్లందరికీ ఉమ్మడిగా ఏమీ లేదా అంటే ఉంది. లోపెజ్ సర్వ్ కొట్టి నెట్ దగ్గరికి పరిగెత్తినా, ఫెరర్ కోర్టంతా తిరిగినా, అల్కరాస్ డ్రాప్ షాట్ వేసినా షాట్ కొట్టే క్షణానికి కాళ్లు సరైన చోట ఉంటాయి, చిన్న చిన్న అడుగులతో సర్దుకుని కొడతారు. పాయింట్‌ని ఒక్క షాట్‌లో కాకుండా వరసలో ఆలోచించడం ఇంకోటి. ఈ రెండూ ఏ కోర్టు మీదైనా పనికొస్తాయి. సర్వ్ విషయంలో మాత్రం లోటు ఇప్పటికీ పూర్తిగా తీరలేదు, సర్వ్‌తోనే మ్యాచ్‌లు లాగేసే ఇస్నర్, కార్లోవిచ్ లాంటి ప్లేయర్ స్పెయిన్ నుంచి రాలేదు, లోపెజే దానికి దగ్గరగా వచ్చినవాడు. అతనూ, వెర్డాస్కో కూడా మాడ్రిడ్ వైపు వాళ్లు, సముద్రమట్టానికి సుమారు 650 మీటర్ల ఎత్తున బంతి గాల్లో స్పీడ్‌గా పోయే ఊరు, బార్సిలోనా సముద్రం గాలిలో ఆడే ఆట అక్కడ అచ్చంగా నడవదు. స్పెయిన్ అంతా ఒకటే అనుకునేవాళ్లు ఈ తేడా కూడా చూడరు.

జూనియర్ల రిజల్ట్స్ చూస్తే ఇప్పుడు గాలి ఎటు వీస్తోందో తెలుస్తుంది. 2017లో డేవిడోవిచ్ ఫొకీనా వింబుల్డన్ బాయ్స్ టైటిల్ గెలిచాడు, స్పెయిన్ నుంచి అతనికి ముందు ఆ టైటిల్ గెలిచింది 1967లో ఒరాంటెస్. యూఎస్ ఓపెన్ బాయ్స్ టైటిల్ 2022లో లండలూసే, 2024లో హోదార్ గెలిచారు, ఇద్దరూ మాడ్రిడ్ కుర్రాళ్లే, హార్డ్ కోర్టు మీదే. మనకోర్‌లో 2016లో మొదలైన నాదల్ అకాడమీలో కూడా మట్టి కోర్టులతో పాటు హార్డ్ కోర్టులూ వేశారు, మట్టికోర్టు రారాజు సొంత ఊళ్లోనే పిల్లలు రెండింటి మీదా ప్రాక్టీస్ చేస్తున్నారు.